కాటన్ దొర ముసలితనంలో ఏం చేశారు?

ప్రశ్న: ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక కాటన్ దొర ఇంగ్లండ్ వెళ్లి విశ్రాంతి తీసుకున్నారా? – అమలాపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: విశ్రాంతా! అమ్మా, నేను ముప్ఫై ఏళ్లు కాలువల మీద ఓవర్సీరుగా చేసి రిటైరయ్యాను. ఆయన ముసలితనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

1847లో పని మొదలుపెట్టి 1852కు ఆనకట్ట పూర్తి చేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. మధ్యలో లంకలు. చాలామంది అది నీళ్లు నిల్వ చేసిందనుకుంటారు, కాదు. నది మట్టాన్ని కాస్త పైకి లేపింది, అంతే. ఆ తర్వాత నీళ్లు పల్లం చూసుకుని కాలువల్లోకి వాటంతటవే పోయాయి. మన సార్వా, అంటే వానాకాలం వరి పంట, అలా నిలబడింది.

1861లో సర్ బిరుదు వచ్చింది. 1878లో, 75 ఏళ్ల వయసులో, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని, ఇండియాకు రైళ్లకన్నా కాలువలు ముఖ్యమని వాదించారు. ఎన్ని ప్రశ్నలు గుచ్చినా వెనక్కి తగ్గలేదు.

నాకు బాగా ఇష్టమైన సంగతి ఆ తర్వాతది. ఇంగ్లండ్‌లోని డోర్కింగ్ ఊళ్లో ఇంటి దగ్గర నేలను లోతుగా తవ్వించి గోధుమ పండించే ప్రయోగాలు చేశారు. నీళ్ల ఇంజినీరు చివరికి మట్టిలో చేతులు పెట్టారు! 1899 జూలైలో, 96 ఏళ్లకు కన్నుమూశారు. మన పల్లెల్లో ఆయన విగ్రహాలకు ఇప్పటికీ దండలు వేస్తున్నారు.