పాయింట్లు ఎక్కువున్నా సిరీస్ ఎలా పోయింది?

ఐర్లాండ్‌తో రగ్బీ సిరీస్‌లో మొత్తం పాయింట్లు న్యూజిలాండ్‌కే ఎక్కువ కదా, మరి సిరీస్ ఎలా ఓడిందని అడిగారు. మీ లెక్క కరెక్టేనండి. 2022 జూలైలో మూడు టెస్టులూ (దేశాల జట్ల మధ్య మ్యాచ్‌లు) కలిపితే న్యూజిలాండ్‌కి 76 పాయింట్లు, ఐర్లాండ్‌కి 74. అయినా సిరీస్ ఐర్లాండ్‌దే. రగ్బీలోనూ మన క్రికెట్‌లో లాగే ఎన్ని మ్యాచ్‌లు గెలిచారన్నదే చూస్తారు, పాయింట్లు కలపరు. ఆక్లండ్‌లో ఐర్లాండ్ 42-19తో చిత్తుగా ఓడినా పోయింది ఒక్క మ్యాచే. తర్వాత డునెడిన్‌లో 23-12, వెల్లింగ్టన్‌లో 32-22తో గెలిచి సిరీస్ 2-1తో పట్టేశారు.

డునెడిన్‌లో న్యూజిలాండ్‌కి రెడ్ కార్డ్ (ఆటగాడిని మైదానం నుంచి పంపేయడం) పడిన మాట నిజమే, కానీ దాన్ని చూపించి ఆ గెలుపును తక్కువ చేయకండి. ఆల్ బ్లాక్స్‌ని (న్యూజిలాండ్ జట్టుని) వాళ్ల గడ్డ మీద ఐర్లాండ్ ఓడించడం అదే మొదటిసారి! వీలైతే వెల్లింగ్టన్ మ్యాచ్ ఫస్ట్ హాఫ్ తప్పకుండా చూడండి. ఐర్లాండ్ ఆటగాళ్లు వాన్ డెర్ ఫ్లియర్, కీనన్, హెన్షా తలా ఒక ట్రై (ప్రత్యర్థి గోల్ లైన్ దాటి బంతిని నేలకు ఆనించడం) కొట్టారు, విరామానికి స్కోరు ఐర్లాండ్ వైపు 22-3.