రస్టికేషన్ ఆర్డర్ మీద సంతకం చేసినప్పటి నుంచి నిద్ర లేదు

ప్రశ్న: నా వయసు 45. ఒక యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. మూడేళ్లుగా పాఠాలతో పాటు డిసిప్లినరీ కమిటీ, యాంటీ ర్యాగింగ్ కమిటీ కన్వీనర్ పని కూడా చేస్తున్నాను. నెల క్రితం ఐదుగురు సెకండియర్ అబ్బాయిలు ఒక ఫస్టియర్ కుర్రాడిని ‘ఇంట్రో’ అంటూ రాత్రి గదికి పిలిచి, తెల్లవారుజాము దాకా నిలబెట్టి, చెంప మీద కొట్టారు. ప్రిన్సిపాల్ పోలీసులకు ఫిర్యాదు పంపారు. మేం నోటీసులిచ్చి, అందరి మాటా విని, ఐదుగురినీ రెండు సెమిస్టర్లు రస్టికేట్ చేశాం, అంటే కాలేజీకి రానివ్వకుండా ఆపేశాం. వాళ్లలో ఒక అబ్బాయి తల్లి నా గదికి వచ్చి కాళ్లు పట్టుకుంది. “మీకూ కొడుకున్నాడు కదా మేడమ్” అంది. ఆ అబ్బాయి మా పెద్ద ఆడపడుచు తోడికోడలి కొడుకని ఆర్డర్ ఇచ్చాకే తెలిసింది. వదిన ఫోన్ చేసి నానా మాటలు అన్నారు. వాళ్ల గృహప్రవేశానికి అందరినీ బొట్టు పెట్టి పిలిచి, మాకు వాట్సాప్‌లో కార్డు పంపారు. “ఒక్క సంతకం మారిస్తే నీ సొమ్మేం పోతుంది” అంటారు మావారు. ఆ అబ్బాయి సరిగా తినడం లేదని, గదిలో తలుపేసుకుని ఉంటున్నాడని విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఇంటర్ చదివే మా అబ్బాయి ఫోన్ రోజూ చూస్తున్నాను, ఎక్కడికెళ్లాడు, ఎవరితో వెళ్లాడు అని అడుగుతున్నాను. మొన్న వాడు “స్టేట్‌మెంట్ రాసివ్వాలా అమ్మా?” అన్నాడు. రాజీనామా చేసేయాలనిపిస్తోంది. నేను తప్పు చేశానా?
— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు ఆ అబ్బాయి సంగతి చూడాలి. తినడం లేదు, తలుపేసుకుంటున్నాడు అన్నారు. పరువు పోయిందని, ఏడాది పోయిందని కుమిలిపోయే 19 ఏళ్ల కుర్రాడిని ఒంటరిగా వదలకూడదు. కొన్నాళ్లపాటు ఇంట్లో ఎవరో ఒకరు వాడికి తోడుగా ఉండాలి, రాత్రి గది తలుపు గడియ పెట్టుకోనివ్వకూడదు. తండ్రి మాట్లాడటం మానేసి ఉంటే, ఈ రోజే మాట్లాడాలి. 14416 మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. దగ్గర్లో సైకియాట్రిస్టు ఉంటే మరీ మంచిది. అయితే ఈ మాటలు ఆ ఇంటికి మీ నోటి నుంచి వెళ్లకూడదు. శిక్ష వేసిన మనిషే ఫోన్ చేసి ఎలా ఉన్నాడని అడిగితే వాళ్లకు ఆశ పుడుతుంది, మీకు చిక్కు వస్తుంది. యూనివర్సిటీ కౌన్సెలర్ గానీ, స్టూడెంట్ వెల్ఫేర్ డీన్ గానీ ఐదుగురి ఇళ్లకూ ఫోన్ చేసేలా ఇవాళే ఏర్పాటు చేయండి. ఆ ఒక్క అబ్బాయికే అయితే చుట్టరికం అవుతుంది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన తీర్పు మీకు తెలిసే ఉంటుంది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో సైకాలజిస్టో ఉండాలని అందులో చెప్పింది. మీ దగ్గర ఆ పోస్టు ఖాళీగా ఉంటే, భర్తీ చేయమని ఈ కేసునే చూపించి అడగండి.

ఇప్పుడు మీ సంగతి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ తల్లి కన్నీళ్లున్నాయి, వదిన గారి మాటలున్నాయి, గృహప్రవేశం కార్డుంది, మీ అబ్బాయి ఉన్నాడు. దెబ్బలు తిన్న ఫస్టియర్ కుర్రాడి గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆ రాత్రి తర్వాత వాడు నిద్రపోయాడా, వాడి తల్లిదండ్రులు ఏమన్నారు, అదే హాస్టల్లో ఇప్పుడు ఎలా ఉంటున్నాడు, ఏమీ రాయలేదు. నిందగా అనడం లేదమ్మా. వాడి తల్లి మీ గదికి రాలేదు. ఛార్జీలకు డబ్బుల్లేకపోయి ఉండొచ్చు, అసలు వాడు ఇంట్లో చెప్పే ఉండకపోవచ్చు. వచ్చి ఏడ్చిన తల్లి మీ కళ్ల ముందు ఉంది కాబట్టి ఆమె బాధే కేసంతా అయి కూర్చుంది. మీకు నిద్ర రాకపోవడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం. శిక్ష కళ్ల ముందుంది, అది ఎందుకు వేశారో మాత్రం ఫైల్లోకి వెళ్లిపోయింది. ఈసారి అర్ధరాత్రి మెలకువ వస్తే, ఆ కుర్రాడు తెల్లవారుజామున ఆ గదిలో కాళ్లు లాగుతూ నిలబడి ఉన్న సంగతి కూడా గుర్తు చేసుకోండి. దాంతో బాధ పోతుందనను. కనీసం ఒకవైపే ఒరిగిపోకుండా ఉంటుంది.

తప్పు చేశానా అని అడిగారు. నాకు తెలిసినంతలో నియమం ఇది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక మెడికల్ కాలేజీలో సీనియర్లు కొట్టిన దెబ్బలకు ఒక ఫస్టియర్ విద్యార్థి చనిపోయాడు. ఆ జూన్‌లోనే యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల వరకు రస్టికేట్ చేయవచ్చు. నేరం పెద్దదైతే అడ్మిషనే రద్దు చేయవచ్చు. మీరు రెండు సెమిస్టర్లు వేశారు. మన దగ్గర అంతకు ముందే, 1997లోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. జూనియర్‌ని ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల వరకు జైలు పడవచ్చు, చెయ్యి చేసుకుంటే ఏడాది వరకు. ఫిర్యాదు అందాక చర్య తీసుకోకుండా ఊరుకున్న సంస్థ అధిపతిని కూడా నేరానికి సాయపడినట్టే చూస్తుంది ఆ చట్టం. కాబట్టి మీవారు అంటున్న ఆ ఒక్క సంతకం మార్పు మీ చేతిలో ఉన్న దయ కాదు. కమిటీ కూర్చుని తీసుకున్న నిర్ణయాన్ని కన్వీనర్ ఒక్కరే ఇంట్లో కూర్చుని మార్చడం చట్టంతో ఆటలాడటమే.

మీ వదిన గారు “మా వాణ్ని ఆ కుర్రాడికి ఎదురుగా నిలబెట్టి అడిగారా” అని కూడా అని ఉంటారు. ఇలాంటి ప్రతి కేసులోనూ నేను వినే మాట అది. విద్యార్థి మాట వినకుండా పరీక్ష ఫలితం రద్దు చేయడం చెల్లదని 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీరు నోటీసు ఇచ్చారు, వాళ్ల మాట విన్నారు. ఎదురెదురుగా నిలబెట్టి తీరాలన్న నియమం మాత్రం లేదు. రాంచీలోని ఒక మెడికల్ కాలేజీలో అమ్మాయిల హాస్టల్‌లోకి చొరబడిన అబ్బాయిలు ఇదే అడిగారు. ఆ అమ్మాయిలను వీళ్ల ఎదుట సాక్ష్యం చెప్పిస్తే తర్వాత వాళ్లకు రక్షణ ఉండదని, పేర్లు బయటపెట్టకుండా విచారణ చేయడం తప్పు కాదని 1973లో సుప్రీంకోర్టు అంది. మీరు ఆ ఫస్టియర్ కుర్రాడిని ఐదుగురు సీనియర్ల ముందు నిలబెట్టలేదంటే మంచి పనే చేశారు.

అలాగని మీ వైపు లోటేమీ లేదనను. ఒకటుంది, అది ఇప్పుడు మొదలైంది. చుట్టరికం ఆర్డర్ తర్వాతే తెలిసిందన్నారు, నమ్ముతున్నాను. తెలిసిన రోజునే ప్రిన్సిపాల్‌కు రెండు లైన్లు రాసివ్వాల్సింది. ‘ఫలానా విద్యార్థి నా భర్త తరఫు బంధువని ఫలానా తేదీన నాకు తెలిసింది. ఇకపై ఈ కేసులో ఏ దశలోనూ పాల్గొనను.’ ఇంతే. ఇది మీ రక్షణ కోసం. రేపు ఇంకో అబ్బాయి తండ్రి ఈ చుట్టరికం బయటకు లాగితే, దాచారన్న మాట పడకుండా ఉంటుంది. ఇంకో సంగతి, ఫైల్లోని విషయాలు మీరు ఇంట్లో చెప్పినట్టు మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. ఎవరు కొట్టారు, ఎవరు చూస్తూ నిలబడ్డారు, ఎవరు సాక్ష్యం చెప్పారు అన్నవి ఇంకెప్పుడూ ఇంట్లో మాట్లాడకండి. మీ ఇంటి నుంచి వదిన గారింటికి, అక్కడి నుంచి ఆ అబ్బాయి ఇంటికి, వాడి ఫోన్ నుంచి హాస్టల్‌కు చేరడానికి ఒక పూట పట్టదు. ఆ ఫస్టియర్ కుర్రాడు ఇంకా ఆ హాస్టల్లోనే ఉన్నాడు.

మీవారితో వాదనకు దిగొద్దు. ఆయన అక్కకూ భార్యకూ మధ్య నలుగుతున్నారు, అది నిజమైన కష్టమే. కాఫీ తాగుతూ ఒకసారి నిదానంగా చెప్పండి: “ఆర్డర్ మార్చే అధికారం నాకు లేదండీ. ఆ కేసు నుంచి నేను తప్పుకుంటున్నట్టు రాసిచ్చాను. అప్పీలు చేసుకునే హక్కు వాళ్లకుంది, చేసుకోమనండి. నేను అడ్డు పడను.” ఈ చివరి మాట చాలా ముఖ్యం. కాలేజీ కమిటీ ఇచ్చిన ఆర్డర్ మీద వైస్ చాన్సలర్‌కు, యూనివర్సిటీయే ఇచ్చి ఉంటే చాన్సలర్‌కు అప్పీలు చేసుకోవచ్చని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. ఆ దారి ఆర్డర్‌లోనే రాసి ఉందో లేదో చూడమని ప్రిన్సిపాల్‌ను అడగండి. రాసి లేకపోతే ఐదుగురికీ లిఖితపూర్వకంగా తెలియజేయించండి. దారి తెలియకే మనుషులు కాళ్ల మీద పడతారు. మీ కాళ్లు పట్టుకున్న ఆ తల్లికి కావలసింది ఆ కాగితం.

వదిన గారి దగ్గరికి మాత్రం సంజాయిషీకి వెళ్లకండి. గృహప్రవేశానికి వెళ్లండి. వాట్సాప్‌లో పిలిచినా పిలుపు పిలుపే. చీర పెట్టి, అక్షింతలు వేసి, భోంచేసి రండి. ఎవరైనా ఆ విషయం ఎత్తితే “ఇది ఆఫీసు విషయం వదినా, ఇక్కడ మాట్లాడలేను” అని ఒక్కసారే చెప్పండి. రెండోసారి అడిగితే నవ్వి ఊరుకోండి. వెళ్లకపోతే మాత్రం మీరే తప్పు ఒప్పుకున్నారని పది మందీ అనుకుంటారు.

ఇక మీ అబ్బాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది వాడి మాటే. కొన్నేళ్ల క్రితం ఒక కాలేజీలో విచారణ అయ్యాక ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చాడు. తొమ్మిది మంది బల్ల చుట్టూ కూర్చుని ప్రశ్నలు వేశారు. “ఎవరేం అడిగారో గుర్తు లేదు సార్, ఫ్యాన్ శబ్దమే గుర్తుంది” అన్నాడు. ప్రశ్నలు వరసగా పడేసరికి కుర్రాళ్లు అలా లోపలికి ముడుచుకుపోతారు. మీరు వృత్తిలో నేర్చుకున్న వరస అదే: ఎక్కడ, ఎవరితో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. తెలియకుండానే ఆ వరస మీ వంటింట్లోకి వచ్చేసింది. మీ అబ్బాయి ఏ తప్పూ చేయలేదు. ఆ తల్లి అన్న ‘మీకూ కొడుకున్నాడు’ అన్న మాట మీ గుండెలో గుచ్చుకుంది, ఆ భయానికి మీరు వాణ్ని కాపలా కాస్తున్నారు. వాడితో ఇలాగే చెప్పండి: “నాన్నా, ఆఫీసులో ఒక విషయం నన్ను బాగా బాధపెట్టింది. ఆ భయంతో నీ ఫోన్ చూశాను. తప్పే. ఇక చూడను.” వివరాలు చెప్పొద్దు. మాట ఇచ్చాక నిలబెట్టుకోండి. వాడు వెంటనే కరిగిపోతాడనుకోకండి, ఒక వారం ముభావంగా ఉండొచ్చు. రోజూ ఒక పూట వాడితో కలిసి తినండి, ప్రశ్నలు లేకుండా. వచ్చే ఏడాది వాడూ ఏదో హాస్టల్లో ఫస్టియర్‌గా చేరతాడు కదా. అప్పుడు ఎవరైనా రాత్రి గదికి రమ్మంటే, వాడు ముందు ఫోన్ చేయాల్సింది మీకే. అది జరగాలంటే ఇప్పుడు మీరు వాడికి భయపెట్టే మనిషిగా మిగలకూడదు. 1800-180-5522 అని ర్యాగింగ్ హెల్ప్‌లైన్ ఉందని కూడా వాడికి చెప్పి ఉంచండి.

రాజీనామా ఇప్పుడే వద్దు. ఈ గొడవ మధ్యలో తప్పుకుంటే ఒత్తిడికి లొంగారని సీనియర్లూ అనుకుంటారు, ఆ ఫస్టియర్ కుర్రాడూ అనుకుంటాడు. విద్యా సంవత్సరం అయ్యాక తప్పుకోవాలనిపిస్తే నిండు మనసుతో తప్పుకోండి. మూడేళ్లు తక్కువేమీ కాదు. ఇలాంటి పని ఒకరి మీదే ఏళ్ల తరబడి ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఈలోగా రెండు పనులు చేయండి. తల్లిదండ్రులకు మీ సొంత నంబరు ఇవ్వడం మానేయండి, ఆఫీసు నంబరే ఇవ్వండి. ఎవరు కలవడానికి వచ్చినా కమిటీలోని ఇంకొకరు పక్కన ఉండగానే కలవండి. ఆ తల్లి వచ్చిన రోజు మీ పక్కన ఒక మనిషి ఉండి ఉంటే, ఆమెను లేపి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చే చేతులు ఇంకో రెండు ఉండేవి. అంత బరువూ మీ ఒక్కరి మీద పడేది కాదు. నిద్ర ఇంకో రెండు వారాలకు కూడా కుదురుకోకపోతే డాక్టర్‌ను కలవండి, వాయిదా వేయకండి.

ఆ ఫస్టియర్ కుర్రాడి గురించి హాస్టల్ వార్డెన్‌ను అడిగారా? మెస్‌కు వస్తున్నాడా, గది మార్చారా, పక్క మంచం మీద ఎవరున్నారు, మిగతా సీనియర్లు వాడిని చూసి ఏమైనా అంటున్నారా. వాణ్ని పిలిపించొద్దు, మీరు పిలిస్తే వార్త హాస్టలంతా పాకుతుంది. వార్డెన్‌నే చూసుకోమని చెప్పండి, వారానికోసారి ఆయన్నే అడిగి తెలుసుకోండి. ప్రిన్సిపాల్‌కు ఇవ్వాల్సిన ఆ రెండు లైన్ల లేఖ మాత్రం రేపు పొద్దున ఆఫీసు తెరవగానే ఇచ్చేయండి, లేఖ అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవడం మరిచిపోకండి.