ఫార్మాట్ కొట్టే ముందు

చిత్తూరు

అబ్బోడా,

నీ నెట్ సెంటర్ సిస్టమ్‌లో విండోస్ స్టార్ట్ మెనూ తెరుచుకోవడం లేదనీ, అప్‌డేట్ సగంలో ఆగిపోతోందనీ, అంతా చెరిపేసి కొత్తగా ఎక్కించుకో, అంటే ఫార్మాట్ కొట్టెయ్ అని ఎవరో కుర్రాడు చెప్పాడనీ రాశావు. 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు దగ్గరపడింది కాబట్టి టెన్షన్ ఉంటుంది. తిరుపతిలో ఆ రోజు నీ షాపు ముందు ఎంతమంది నిలబడతారో నాకు తెలీదా! అయినా ఫార్మాట్ మాట ఇప్పుడే ఎత్తొద్దు. ఆ కుర్రాడికి అదే సులువు. తర్వాత ప్రింటర్, వేలిముద్ర మిషన్ డ్రైవర్లన్నీ కూర్చుని ఎక్కించుకోవాల్సింది నువ్వు.

అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయినా విండోస్ ఫైళ్లు చెడొచ్చు. వాటిని బాగుచేసే పనిముట్లు విండోస్‌లోనే ఉన్నాయి, ఎస్‌ఎఫ్‌సీ, డిస్మ్ అనే కమాండ్లు. డబ్బు కట్టమనే రిపేర్ సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

ముందు లెక్కలు, కస్టమర్ల స్కాన్‌లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. తర్వాత స్టార్ట్ మీద కుడి క్లిక్ కొట్టి, అడ్మిన్ అని ఉన్న టెర్మినల్ గానీ పవర్‌షెల్ గానీ తెరువు, కమాండ్లు కొట్టే కిటికీ అదే. అడ్మిన్‌గా తెరవకపోతే ఈ కమాండ్లు నడవవు.

అందరూ ఎస్‌ఎఫ్‌సీతో మొదలుపెడతారు. నువ్వు డిస్మ్‌తో మొదలుపెట్టు. చెడ్డ ఫైలు తీసి మంచిది పెట్టడానికి ఎస్‌ఎఫ్‌సీ, విండోస్ దాచుకున్న కాపీల నుంచే తెచ్చుకుంటుంది. గోలెంలో నీళ్లే చెడితే చెంబు తోమి ఏం లాభం? ఆ కాపీలను బాగుచేసేది డిస్మ్. ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా కొట్టు: డిస్మ్, ఖాళీ, స్లాష్ ఆన్‌లైన్, ఖాళీ, స్లాష్ క్లీనప్-ఇమేజ్, ఖాళీ, స్లాష్ రీస్టోర్‌హెల్త్. క్లీనప్‌కీ ఇమేజ్‌కీ నడుమ చిన్న గీత పెట్టాలి, ఖాళీ కాదు. రీస్టోర్, హెల్త్ రెండూ కలిపి కొట్టాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

మంచి ఫైళ్లను అది విండోస్ అప్‌డేట్ నుంచి దించుకుంటుంది కాబట్టి నెట్ ఉండాలి. శాతం ఒకచోటే చాలాసేపు ఆగిపోవచ్చు. చచ్చిపోయిందనుకుని కిటికీ మూసేయకు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచు, మామూలు సిస్టమ్ అయితే యూపీఎస్ మీద నడుపు.

అది పూర్తయ్యాక ఎస్‌ఎఫ్‌సీ, ఖాళీ, స్లాష్ స్కాన్‌నౌ. చివర్లో వచ్చే వాక్యాన్ని నిదానంగా చదువు. తప్పులేవీ దొరకలేదంటే గొడవ వేరే చోట ఉంది. ర్యామ్ చూడు, వైరస్ చూడు. బాగుచేశానంటే రీస్టార్ట్ చెయ్యి. కొన్నింటిని బాగుచేయలేకపోయానంటే రీస్టార్ట్ చేసి ఇంకోసారి నడుపు. వివరాలు కావాలంటే విండోస్ ఫోల్డర్‌లో లాగ్స్, అందులో సీబీఎస్ ఫోల్డర్‌లో ఉంటాయి. చాంతాడంత ఫైలు అది, తెరిచి భయపడకు.

ఫైళ్లు మళ్లీ మళ్లీ చెడుతుంటే హార్డ్ డిస్కే అనుమానం. అప్పుడు డిస్క్‌ను చూసే చెక్‌డిస్క్ కమాండ్ (ఇంగ్లీషులో సీ, హెచ్, కే, డీ, ఎస్, కే అని కలిపి కొట్టాలి), ఖాళీ, సీ కోలన్, ఖాళీ, స్లాష్ ఎఫ్. వచ్చే రీస్టార్ట్‌కు పెట్టమంటావా అని అడిగితే వై కొట్టు. స్లాష్ ఎఫ్ బదులు స్లాష్ ఆర్ పెడితే డిస్క్‌లో చెడిన చోట్లు కూడా వెతుకుతుంది, గంటలు పట్టొచ్చు, షాపు కట్టేశాక పెట్టుకో. డిస్క్ టకటకమంటుంటే మాత్రం ఇవేవీ నడపకుండా కొత్త ఎస్ఎస్‌డీ కొను.

ఇంతచేసినా లొంగకపోతే విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ పెట్టి, నడుస్తున్న విండోస్‌లోంచే సెటప్ తెరిచి, ఫైళ్లు, యాప్‌లు ఉంచమనే చోట టిక్ పెట్టు. డ్రైవర్ల పనీ చాలావరకు తప్పుతుంది.

ఎస్‌ఎఫ్‌సీ ఏమన్నదో ఫోటో తీసి పంపు, రాత్రికి చూస్తాను.

మీ పెదనాన్న