టెక్సాస్‌లో ఇంటి చదువు మొదలుపెట్టాక గైర్హాజరు నోటీసు వస్తే: సమాధానం

ఫ్రిస్కోలో మీ పాపకు ఇంట్లోనే చదువు చెబుతున్నా బడి నుంచి గైర్హాజరు నోటీసు వచ్చిందంటే, ఆమె పేరు ఇంకా బడి రికార్డులో ఉండి ఉంటుంది.

1. ఫలానా తేదీ నుంచి బడి మాన్పించి ఇంట్లో చదివిస్తున్నామని సంతకంతో లేఖ రాసి, ప్రిన్సిపల్‌కు ఈమెయిల్‌లో పంపి, నకలు దాచుకోండి. చాలామంది మరిచిపోయేది ఈ లేఖనే; నోటిమాటతో రికార్డు మారదు.

2. పఠనం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, ఉత్తమ పౌరసత్వం బోధిస్తున్నామని అందులోనే హామీ ఇవ్వండి.

3. టెక్సాస్ సుప్రీంకోర్టు 1994లో లీపర్ కేసులో ఇంటి చదువును ప్రైవేటు బడిగా గుర్తించింది కనుక, ముందస్తు అనుమతి గానీ ఉపాధ్యాయ అర్హతపత్రం గానీ అవసరం లేదు. ఎవరైనా అడిగితే ఈ హక్కును మర్యాదగా, రాతపూర్వకంగా గుర్తుచేయండి.

4. నోటీసులో కోర్టు తేదీ ఉంటే మాత్రం వెంటనే న్యాయవాదిని సంప్రదించండి.