తాతల నాటి ఇత్తడి బొమ్మలకు విలువ కట్టడం ఎలా?

హన్మకొండ పాతింట్లో మీ వాటాకు వచ్చిన ఇత్తడి బొమ్మలకు ఎంత విలువ ఉంటుందని అడిగారు కదా, ముందైతే వాటిని చింతపండు పెట్టి తోమకండి. ఆ నల్లటి పొర పోతే పాత వస్తువుగా వచ్చే ధరా పడిపోతుంది. తూకానికి వచ్చేది కనీస ధర మాత్రమే. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత.

ఒంటి మీద సన్నటి తీగలు చుట్టినట్టు గీతలుంటే ఆదిలాబాద్‌లో ఓజా కళాకారులు మైనం అచ్చుతో పోతపోసే డోక్రా పని కావచ్చు. మైనపు తీగలతో బొమ్మ చేసి, పైన మట్టి పూసి, మైనం కరిగిన చోట లోహం పోసి, ఆ మట్టి అచ్చు పగలగొట్టి తీస్తారు కాబట్టి ఒకదానిలా ఇంకోటి ఉండదు. ధర అక్కడే పెరుగుతుంది. రేకు మీద నగిషీ అయితే ఇత్తడి రేకు పనికి పేరున్న పెంబర్తి ఊరి పనివాళ్లకు చూపించండి, ఇట్టే పట్టేస్తారు. ఆన్‌లైన్ రేట్లు చూసి మురిసిపోకండి, అవి అమ్మేవాళ్లు అడిగే ధరలే.

వందేళ్లు దాటిందనిపిస్తే 1972 పురావస్తువుల చట్టం వర్తించొచ్చు. అలాంటిది విదేశాలకు పంపడం నేరం.