తెరవని కవర్లు ముందు, నాన్నగారి పెట్టె తర్వాత

ప్రశ్న: మాది వరంగల్ కాశిబుగ్గ. నాన్నగారు నాలుగు నెలల క్రితం కాలం చేశారు. ఆయన ట్రంకుపెట్టె నిండా కాగితాలే. ఊళ్లోని భూమి పహాణీ (ఏటా రాసే రెవెన్యూ రికార్డు) నకళ్లు, ఉర్దూలో ఒక పాత దస్తావేజు, ఒక సాదా బైనామా (రిజిస్టర్ చేయించకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం పత్రం), తీరిపోయిన ఇంటి రుణం రసీదులు, ప్రామిసరీ నోట్లు, చిట్టీ పాసుపుస్తకాలు, కరెంటు బిల్లులు ఉన్నాయి. తెరవని కవర్లు కూడా కొన్ని ఉన్నాయి. పోయిన నెల నాన్నగారి పేరున వచ్చిన రిజిస్టర్డ్ కవరును అమ్మ భయపడి 'మాకు వద్దు' అని తిప్పి పంపింది. అన్నీ ఫోనులో ఫొటోలు తీసుకుని పెట్టె ఖాళీ చేద్దామని తమ్ముడంటున్నాడు. ఏవి ఉంచాలి, ఏవి పారేయాలి?

జవాబు: పెట్టె జోలికి ఇప్పుడే వెళ్లవద్దని మీ తమ్ముడికి చెప్పండి. పాత దస్తావేజు ఇంకో నెల అక్కడే ఉన్నా నష్టం లేదు. నోటీసు అలా కాదు, దానికి గడువు ఉంటుంది. తెరవని కవర్లన్నీ ఈ రోజే తెరవండి. ఉత్తరాన్ని దాని కవరుతోనే కలిపి ఉంచండి. గడువు ఎప్పుడు మొదలైందో తేల్చడానికి ఆ కవరు మీది తపాలా ముద్రే ఆధారమవుతుంది.

తిప్పి పంపిన కవరు సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. తీసుకోకపోతే నోటీసు అందనట్టేనని చాలామంది నమ్ముతారు. చట్టం అలా లేదు. సరైన చిరునామా రాసి, రుసుము కట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపినది మామూలుగా చేరవలసిన సమయానికి చేరినట్టేనని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ భావిస్తుంది. కోర్టు సమన్లను నిరాకరిస్తే అవి అందినట్టే ప్రకటించి, మీరు లేకుండానే కేసు నడిపించవచ్చు. అలా వచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీని (తీర్పును) రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులే. సమన్లు సక్రమంగా అందని పక్షంలో డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు.

మీకు ఒక వెసులుబాటు ఉంది. చనిపోయిన మనిషి పేరున పంపిన నోటీసు వారసులకు ఇచ్చినట్టు కాదు. కానీ అమ్మగారు 'ఆయన లేరు' అనకుండా 'వద్దు' అన్నారు కాబట్టి కవరు మీద 'నిరాకరించారు' అనే రాసి ఉండవచ్చు. అలాగైతే పంపినవారికి మరణం సంగతి తెలియదు. మీ పోస్టాఫీసులో అడిగి, పంపిందెవరో కనుక్కోండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో నాన్నగారి పేరుతో వరంగల్, హన్మకొండ కోర్టులు రెండూ వెతకండి. చిట్టీ తగాదాలు సివిల్ కోర్టుకు రావు, చిట్ల రిజిస్ట్రార్ దగ్గర నడుస్తాయి. అక్కడా విచారించండి. నాన్నగారు ఎవరి చిట్టీకైనా జామీను ఉన్నారేమో పాసుపుస్తకాలతో పాటు ఉన్న కాగితాల్లో చూడండి. ఒకవేళ ఉన్నా, ఆయన బాకీకి వారసులు ఆయన వదిలిన ఆస్తి మేరకే బాధ్యులు. మీ జీతం, మీ సొంత సంపాదన జోలికి రాలేరు. పంపినవారు తెలిశాక మరణ ధ్రువపత్రం నకలు జతచేసి లిఖితపూర్వకంగా తెలియజేయండి. రసీదు దాచండి.

ఇకపై వచ్చే ప్రతి కవరునూ తీసుకోమని అమ్మగారికి నెమ్మదిగా నచ్చజెప్పండి. సంతకం పెడితే కవరు అందిందని మాత్రమే అర్థం, అందులో రాసినదానికి ఒప్పుకున్నట్టు కాదు.

ఇక పెట్టె. అందులో అన్నిటికన్నా విలువైనది సాదా బైనామా. రిజిస్టరైన దస్తావేజు పోతే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ధ్రువీకరించిన నకలు దొరుకుతుంది. సాదా బైనామాకు ఏ కార్యాలయంలోనూ రెండో ప్రతి ఉండదు. 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో సాదా బైనామాల క్రమబద్ధీకరణకు మీసేవలో దరఖాస్తులు తీసుకున్నారు. 2025 భూభారతి చట్టం పరిష్కరిస్తామన్నది ఆ దరఖాస్తులనే. నాన్నగారు పెట్టుకుని ఉంటే ఆ రసీదు పెట్టెలోనే ఉండాలి. అడుగు వరకూ వెతకండి.

30 ఏళ్లు దాటిన పత్రం, అది ఉండవలసిన చోటు నుంచే వస్తే, దాని మీది సంతకమూ చేతిరాతా అసలువేనని కోర్టు భావించవచ్చు. భారతీయ సాక్ష్య అధినియం 92వ సెక్షన్ ఇచ్చే బలం ఇది. ఇంటి పెద్ద పెట్టె అలాంటి చోటే. ఫోనులోని ఫొటోకు ఆ బలం లేదు. ఫొటోలు తప్పక తీయండి, కానీ అసలు పత్రాలకు లామినేషన్ చేయించవద్దు, టేపు అంటించవద్దు, వాటి మీద ఏమీ రాయవద్దు. ఉర్దూ దస్తావేజును పాత భూమి లెక్కలు తెలిసినవారితో చదివించి, వేరే కాగితం మీద రాయించుకోండి. అందులో తేదీ ఫసలీలో (నిజాం కాలపు రెవెన్యూ లెక్కలో) ఉంటే, ఆ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. పహాణీల్లో 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు ఉంటే దాన్ని విడిగా భద్రపరచండి. భూమి తగాదాల్లో మొదట అడిగేది దాన్నే.

రుణం తీరిన రసీదులతో సరిపెట్టుకోవద్దు. అసలు దస్తావేజులు ఇంటికి వచ్చాయా? 2023 డిసెంబరు 1 నుంచి, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా బ్యాంకు వాటిని తిరిగి ఇవ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం) తీసి, తాకట్టు రద్దయినట్టు కనిపిస్తోందో లేదో కూడా చూసుకోండి.

ప్రామిసరీ నోటును ముందువైపు తేదీ చూసి పారేయవద్దు. మామూలుగా మూడేళ్లే గడువు. కానీ ఆ గడువు లోపల బాకీదారు కొంత కట్టి, నోటు వెనుక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కించాలి. తిరగేసి చూడండి.

కరెంటు బిల్లుల్లో అన్నిటికన్నా పాతదీ, ఈ ఏడాదివీ ఉంచి మిగతావి తీసేయవచ్చు. ఇంటి పన్ను రసీదులు మాత్రం ఒక్కటీ పోనీయవద్దు. ఆధార్ జిరాక్సులు చించి పారేయండి.

ఆ కవరు వెనుక నిజంగా కేసు ఉందని తేలితే, ఫీజు గురించి ఆలోచిస్తూ రోజులు పోగొట్టుకోవద్దు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. అమ్మగారి పేరున జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి. దొరికిన నోటీసు, మరణ ధ్రువపత్రం వెంట తీసుకువెళ్లండి.