టెక్ సందేహాలు: డ్రైవర్ కొత్తదే, సాఫ్ట్‌వేర్ పాతదంటోంది!

ప్రశ్న: నా విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంది. త్రీడీ సాఫ్ట్‌వేర్ ఒకటి తెరిస్తే ‘535 లేదా ఆపై డ్రైవర్ కావాలి’ అని ఆగిపోతోంది. డివైస్ మేనేజర్‌లో ఎన్‌విడియా డ్రైవర్ వెర్షన్ 31.0.15.3623 అని ఉంది. అంటే నాది 31వ వెర్షనా? ఇప్పటికి రెండుసార్లు డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. ప్రాజెక్టు గడువు దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: మూడోసారి తీయకండి. మీ డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) సరిపోతుంది. మీరు చూసింది విండోస్ తన పద్ధతిలో రాసుకున్న నంబరు. చుక్కలు పక్కనపెట్టి చివరి ఐదు అంకెలు తీసుకోండి: 53623. మొదటి మూడు అంకెల తర్వాత చుక్క పెడితే 536.23. ఎన్‌విడియా సైట్‌లో ఆ డ్రైవర్‌ను పిలిచే పేరు ఇదే.

మరి సాఫ్ట్‌వేర్ ఎందుకు ఒప్పుకోవడం లేదు? ఎక్కువసార్లు జరిగేది ఇది. ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా రెండు గ్రాఫిక్స్ ఉంటాయి: ప్రాసెసర్‌లోనే ఉండేది ఒకటి, విడి కార్డు ఒకటి. బ్యాటరీ ఆదా కోసం విండోస్ మొదటిదాన్ని అప్పగిస్తే, సాఫ్ట్‌వేర్ దాని డ్రైవర్ నంబరు చూసి పాతదనుకుంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరకు వెళ్లి, ఆ ప్రోగ్రామ్‌ను జాబితాలో చేర్చి, ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకోండి. తర్వాత దాన్ని పూర్తిగా మూసి తెరవండి.

ఇంటి నుంచి కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌కు రిమోట్ డెస్క్‌టాప్‌తో కనెక్టయి పనిచేస్తుంటే ఇంకో సంగతి కూడా చూసుకోండి. సాఫ్ట్‌వేర్ చూపించే కార్డు పేరు ‘జీడీఐ జెనరిక్’ అని, ఓపెన్‌జీఎల్ (సాఫ్ట్‌వేర్ గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పద్ధతి) 1.1 అని ఉంటే అసలు డ్రైవర్ వాడుకలోనే లేదని అర్థం. బ్లెండర్ 4.0 లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌కు ఓపెన్‌జీఎల్ 4.3 కావాలి. అప్పుడు డ్రైవర్ మార్చే ముందు, ఆ కంప్యూటర్ ముందు కూర్చుని తెరిచి చూడండి.

ప్రశ్న: విండోస్, లైనక్స్ రెండింటిలో నడిచే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. వల్కన్‌ను (ఓపెన్‌జీఎల్ లాగే కార్డుతో మాట్లాడే మరో పద్ధతి) డ్రైవర్ వెర్షన్ అడిగితే లైనక్స్‌లో 535.732.64 అని వస్తోంది. టెర్మినల్‌లో కార్డు వివరాలు చూపే ‘ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ’ కమాండ్ మాత్రం 535.183.01 అంటోంది. ఏది నమ్మాలి?
– సాఫ్ట్‌వేర్ డెవలపర్, హైదరాబాద్

జవాబు: టెర్మినల్‌ను నమ్మండి. అయితే వల్కన్ కూడా తప్పు చెప్పలేదు, దాన్ని చదవడంలో తేడా వచ్చింది. వల్కన్ డ్రైవర్ వెర్షన్‌ను 32 బిట్ల (0, 1 అంకెల) ఒకే సంఖ్యగా ఇస్తుంది. ఆ బిట్లను ఎలా పంచుకోవాలన్నది డ్రైవర్ రాసినవారి ఇష్టం. మీ కోడ్ వాటిని 10, 10, 12 బిట్ల ముక్కలుగా విడదీస్తోంది. ఎన్‌విడియా 10, 8, 8, 6గా పేరుస్తుంది. మొదటి పది బిట్లు రెండు లెక్కల్లోనూ ఒకటే కాబట్టి 535 సరిగ్గా వచ్చింది. ఆ తర్వాత ఎనిమిదికి బదులు పది బిట్లు లాగారు. రెండు బిట్లు ఎక్కువైతే విలువ నాలుగు రెట్లవుతుంది: 183 కాస్తా 732 అయింది. చివరి 01 ఆరు బిట్లు ఎడమకు జరిగి ఉంటుంది కనుక 64గా కనిపించింది. కాగితం మీద ఒకసారి వేసి చూడండి, అంకె అంకె సరిపోతుంది.

ఇంటెల్ విండోస్ డ్రైవర్ 18, 14గా పేరుస్తుంది. అదే ఇంటెల్ కార్డుకు లైనక్స్‌లో వాడే ఓపెన్ సోర్స్ ‘మెసా’ డ్రైవర్ మామూలు 10, 10, 12 వాడుతుంది. అంటే కంపెనీని బట్టి విడదీసినా చాలదు, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా చూడాలి. ఈ తిప్పలేవీ లేకుండా డ్రైవర్ ప్రాపర్టీస్ అడగడం మేలు. 2020లో వచ్చిన వల్కన్ 1.2 నుంచి అది అందులో భాగమే. డ్రైవర్ పేరు, వెర్షన్ అక్షరాల రూపంలోనే ఇస్తుంది.

ఓపెన్‌జీఎల్ వాడితే ఇంకో చోట కాలు జారుతుంది. అది ‘4.6.0 ఎన్‌విడియా 535.183.01’ అన్న వరుస ఇస్తుంది. ముందున్నది ఓపెన్‌జీఎల్ వెర్షన్, డ్రైవర్‌ది చివర ఉంది. మొదటి అంకె పట్టుకుని 535తో పోలిస్తే ఎవరి డ్రైవరైనా పాతదే అవుతుంది. పోల్చేటప్పుడు కూడా దశాంశంగా చూడొద్దు. 535.98 కన్నా 535.183 కొత్తది. చుక్కల మధ్య ఉన్నవి వేర్వేరు పూర్ణ సంఖ్యలు.

ఒక విన్నపం. వెర్షన్ చదవలేకపోతే వాడేవారిని గుమ్మం దగ్గరే ఆపేయకండి. హెచ్చరిక చూపించి, ‘అయినా కొనసాగించు’ అన్న దారి ఇవ్వండి. ఏ కార్డు దొరికింది, ఏ నంబరు చదివారు, ఏది కావాలి అన్న మూడూ ఆ సందేశంలోనే రాయండి. పై ప్రశ్న రాసిన అమ్మాయికి ఆ మూడూ కనబడి ఉంటే డ్రైవర్ ఒక్కసారి కూడా తీసేది కాదు.

ప్రశ్న: ఉబుంటు లైనక్స్ అప్‌డేట్ చేశాక ‘డ్రైవర్/లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్’ అని వస్తోంది. డ్రైవర్ పాడైందా?
– వరంగల్ పాఠకుడు

జవాబు: పాడవలేదు. లైబ్రరీలు కొత్తవి వచ్చాయి, కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో) మాత్రం పాత డ్రైవరే ఇంకా నడుస్తోంది. రీస్టార్ట్ చేస్తే రెండూ కలుస్తాయి. ఆ తర్వాత కూడా ఫ్లాట్‌ప్యాక్ (లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లు వేసుకునే ఒక పద్ధతి) ద్వారా వేసుకున్న ప్రోగ్రామ్‌లకు మాత్రమే కార్డు కనబడకపోతే, ఫ్లాట్‌ప్యాక్‌ను కూడా అప్‌డేట్ చేయండి. అది తన ఎన్‌విడియా లైబ్రరీలను విడిగా ఉంచుకుంటుంది, వాటి వెర్షన్ సిస్టమ్ డ్రైవర్‌తో అచ్చంగా సరిపోవాలి.